బతికున్నవాడి వెయ్యో రోజు

సమింతెన్ తన మొగుణ్ణి 1949 జనవరిలో చంపింది. మన అయిదు రోజుల వారం లెక్కలో పహింగ్ పడ్డ మంగళవారం. పొద్దున్నే టెంపేకి సోయా గింజలు నానబోసి, కోళ్ళని వదిలిపెట్టి, ఆ తరవాత తీరిగ్గా చంపింది. ఈ సంగతి ఆమె ఏనాడూ దాచుకోలేదు. ఎవరైనా అడిగితే, "చంపక ఏం చెయ్యమంటారు, అరవై మందికి అన్నం పెట్టాలి కదా" అనేది. కాలిరందు ఊళ్ళో ఈ జవాబు అర్థం కానివాళ్ళు లేరు. కాస్త ఇబ్బంది పడినవాడు ఒక్క కర్సోయే. చచ్చింది తనే కాబట్టి ఆ మాత్రం ఇబ్బంది ఉంటుంది.

అప్పటికి జావాలో మన కొత్త రాజధాని యోగ్యకర్త డచ్చివాళ్ళ చేతిలో పడి పక్షం దాటింది. ఊరికి కూతవేటు దూరంలో ఉన్న చక్కెర మిల్లులో వాళ్ళ ఠాణా వెలిసింది. దానికి పెద్ద సార్జెంటు బూన్‌స్ట్రా. అయిదుగురికి మించి గుమిగూడకూడదు, ఎవరింట్లోనూ రెండు రోజులకి సరిపడే బియ్యం కంటే ఎక్కువ ఉండకూడదు, పెద్ద పొయ్యి వెలగకూడదు అని దారిలో ఉన్న ప్రతి చింతచెట్టుకీ కాగితం అంటించాడు. కొండ మీద మనవాళ్ళు అరవై మంది ఉన్నారు. తుపాకులు పదిహేడు, ఆకళ్ళు అరవై. వాళ్ళ నాయకుడు లెఫ్టినెంట్ హర్దోయో మొన్నటిదాకా బడిపంతులు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. "ప్రజల సహకారమే మా ఆయుధం" అని చీటీ పంపాడు. ప్రజల సహకారం అంటే అన్నం అని ఆడవాళ్ళకి చదవకుండానే తెలిసిపోయింది.

మగవాళ్ళకి తెలియడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఊరి పెద్ద, లూరా ప్రవిరో ఇంట్లో పద్దెనిమిది మంది కూర్చుని 'ప్రజా భోజన సంఘం' పెట్టారు. ప్రవిరో అధ్యక్షుడు. ఉపాధ్యక్షులు ఇద్దరు, ఎందుకంటే ఒక్కణ్ణి పెడితే రెండోవాడు అలుగుతాడు. కార్యదర్శి మోదిన్ దుల్‌రహీం, చావుకీ పెళ్ళికీ దువా చదివే ముసలాయన. ముద్ర ఎలా ఉండాలన్న దాని మీద గంటసేపు వాదించుకున్నారు. అంతా తేలాక, వంట ఎవరు చేస్తారన్న చిన్న విషయం ఒకటి మిగిలిపోయింది. అప్పుడు అందరూ గుమ్మం దగ్గర టీ గిన్నె పట్టుకుని నిలబడ్డ సమింతెన్ వైపు చూశారు. చెరకు నరికే కాలంలో మిల్లు కూలీలకి వందేసి పొట్లాలు కట్టి పంపిన చెయ్యి ఆమెది.

"వండడం సరే. పొగ కనిపిస్తే దొర వస్తాడు. బియ్యం కనిపిస్తే పట్టుకుపోతాడు," అంది సమింతెన్. "అందుకని ఎవరో ఒకరు చావాలి."



"అదేం మాటే అమ్మా?" అన్నాడు ప్రవిరో.

"చావింటి స్లమతన్ భోజనానికి దొర అడ్డం చెప్పడు. పెళ్ళికీ చెప్పడు గానీ, పెళ్ళంటే పిల్ల కావాలి, పిల్లాడు కావాలి, ఇద్దరికీ పడాలి. చావుకి ఒక్క మనిషి చాలు. మొదటి వారమంతా రోజూ దువా, రోజూ అన్నం. తరవాత నలభయ్యో రోజు, నూరో రోజు. దినానికి రెండు బస్తాల బియ్యం తెచ్చుకోవడానికి అనుమతి చీటీ ఇస్తారు. అర బస్తా వండుదాం. మిగతాది కొండెక్కిద్దాం. మధ్య రోజులకి ఇంటికో పిడికెడు తీస్తే సరి."

అందరికీ నచ్చింది. ఇక ఎవరు చావాలన్నదే మిగిలింది. మూడేళ్ళుగా దేశం కోసం ప్రాణాలిస్తామని పిడికిళ్ళెత్తి అరుస్తున్న పద్దెనిమిది మందీ తలా ఒక మూలకి చూడ్డం మొదలుపెట్టారు. ప్రవిరో చస్తే కాగితాల మీద సంతకం పెట్టే దిక్కు ఉండదు. మొదటి ఉపాధ్యక్షుడి తల్లికి గుండె బలహీనం. రెండో ఉపాధ్యక్షుడు ఉన్నమాట చెప్పేశాడు: "నిజంగా చావమంటే ఇప్పుడే చస్తాను. ఉత్తుత్తినే చావడం అరిష్టం."

"మా ఆయన్ని చంపుకుంటాలెండి," అంది సమింతెన్. "ఎలాగూ ఊళ్ళో లేడు."

కర్సో డిసెంబరులో విమానాలు వచ్చిన రోజునే యుద్ధానికి వెళ్ళాడు. వెదురు బల్లెం భుజాన వేసుకుని, ఇరుగుపొరుగు చూస్తుండగా, ఛాతీ విరుచుకుని వెళ్ళాడు. యుద్ధం తూర్పున జరుగుతోంది, ఆయన పడమరకి వెళ్ళాడు. పడమరన, ఏటి అవతల ఆయన మేనత్త ఉంది, ఆమెకి నలభై బాతులున్నాయి. బల్లెం దారిలోనే ఎవరి కంచెకో ఆనించి మరిచిపోయాడు గానీ దుప్పటి మాత్రం మరవలేదు. పెళ్ళై ఇరవై అయిదేళ్ళయింది, పిల్లల్లేరు, ఆయన సంగతి సమింతెన్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఠాణాకి వెళ్ళి ఏడవాల్సి వచ్చింది. మోదిన్ దుల్‌రహీం తోడు వెళ్ళాడు. సార్జెంటు బూన్‌స్ట్రా చెడ్డవాడేం కాదు. జావా వాళ్ళ ఆచారాలని గౌరవించమని పైవాళ్ళు అతనికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ఊళ్ళు తగలబెట్టమని కూడా చెప్పారు గానీ అది వేరే కాగితం. సమింతెన్‌కి మొదట ఏడుపు రాలేదు. సరే, పదిహేనో ఏట పెళ్ళి దగ్గర్నుంచీ ఒక్కొక్కటే తలుచుకుంది. వెక్కి వెక్కి వచ్చింది. సార్జెంటు కదిలిపోయి నీళ్ళిప్పించాడు. ఏ రోగంతో పోయాడని దుబాసీ అడిగితే "కడుపునొప్పి, దొరా" అంది.

ఒక అరటి బోదెకి తెల్లగుడ్డ చుట్టి పూడ్చారు. మోదిన్‌కి అదే పెద్ద చిక్కైపోయింది. అరటి బోదెకి దువా చదివితే పైన ఏం జవాబు చెప్పాలని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఆయనే దారి కనుక్కున్నాడు. "ఇంతవరకూ పోయిన వాళ్ళందరికీ" అని చదివాడు. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేరు, అరటి బోదె కూడా.

అలా మొదలైంది. స్లమతన్‌లో మగవాళ్ళు ముందు వసారాలో చాపల మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు వెనక వంటింట్లో ఉంటారు. సార్జెంటు మనుషులు వసారాలో తలలు లెక్కపెట్టుకుని, చీటీలో ఉన్న లెక్కతో సరిపోయిందని తృప్తిగా వెళ్ళిపోయేవారు. వంటింట్లోకి ఒక్కడూ తొంగిచూడలేదు. ఆ చిన్న పుస్తకంలో వంటింటి గురించి ఏమీ రాసిలేదు కాబోలు. ఏడుగురు ఆడవాళ్ళు అక్కడ కొబ్బరిపాలతో అన్నం వండేవారు, టెంపే వేయించేవారు, పోయినవాళ్ళ పేరున తప్పకుండా చెయ్యాల్సిన అపెం రొట్టెలు కాల్చేవారు. వచ్చిన ప్రతి మగవాడూ తన వంతు పొట్లం పట్టుకుని ఇంటికి బయల్దేరేవాడు. దారిలో చెరకుతోట దగ్గర ఆ పొట్లం రెబి బుట్టలో పడేది.

రెబికి ఇరవై ఆరేళ్ళుంటాయి. మొగుణ్ణి జపానువాళ్ళు రైలుకట్ట పనికని తీసుకుపోయారు, తిరిగి రాలేదు. తల్లీ తనే. బతకడానికి ఠాణాలో సిపాయిల బట్టలు ఉతికేది. ఆమె అంత పనికొచ్చే మనిషి ఆ చుట్టుపక్కల లేదు. చొక్కాలు లెక్కపెట్టి ఎంతమంది ఉన్నారో చెప్పేది. లాగుల అంచున ఎర్రమట్టి ఉంటే ఉత్తరం కొండకి, బురద ఉంటే వరిమళ్ళకి వెళ్ళొచ్చారని చెప్పేది. కొబ్బరి చెక్కలు పగలగొడుతూ, నవ్వుతూ చెప్పేది. ఆ కబురు అపెం ఆకుల మధ్య కొండెక్కేది. కొండ మీంచి లెఫ్టినెంట్ ముత్యాల్లాంటి అక్షరాల్లో జవాబు పంపేవాడు: "మీ త్యాగాన్ని చరిత్ర మరవదు. టెంపేలో ఉప్పు తగ్గింది."

"చరిత్రని వచ్చి వేసుకోమనక్కా ఉప్పు," అనేది రెబి.

నలభయ్యో రోజుకి సార్జెంటు స్వయంగా వచ్చాడు. చేతిలో రెండు పాల డబ్బాలు, ముఖంలో విచారం. చాప మీద కాళ్ళు మడవడం చేతకాక ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. మోదిన్ దువా మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు గేటు తీసుకుని కర్సో వచ్చాడు. తనింట్లో నలభై రోజులుగా విందులు జరుగుతున్నాయని ఏటి అవతలకి కబురు చేరింది. ఎవరి పేరున అన్నది మాత్రం దారిలో ఎక్కడో రాలిపోయింది. బాతుగుడ్లు తినీ తినీ మొహం మొత్తిన మనిషి, కొబ్బరన్నం వాసనకి గబగబా నడిచి వచ్చేశాడు.

పోయినవాళ్ళ ఆత్మ నలభై రోజులు ఇల్లు వదలదని మనవాళ్ళ నమ్మకం. విషయం తెలిసినవాళ్ళు కూడా ఒక్క క్షణం వణికారు. తెలియని ముసలాయన ఒకడు కళ్ళు గట్టిగా మూసుకుని దువా రెండింతలు పెంచాడు. ఎవరతనని సార్జెంటు దుబాసీని అడిగాడు. దుబాసీ సమింతెన్ని అడిగాడు.

"ఆయన తమ్ముడు, దొరా," అంది సమింతెన్, తడుముకోకుండా. "అచ్చం అన్న పోలికే. పాపం, ఇప్పుడే తెలిసినట్టుంది." వెంటనే కర్సో దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని, చెవిలో అంది: "ఏడువు. నువ్వు చచ్చి నలభై రోజులైంది."

కర్సో ఆమె ముఖంలోకి చూశాడు. వసారాలో తలలు దించుకున్న ఊరంతటినీ చూశాడు. తర్వాత నిజంగానే ఏడిచాడు. చూసినవాళ్ళంతా చాలా బాగా ఏడిచాడన్నారు. సార్జెంటు లేచి భుజం తట్టి, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తన దినం భోజనం తను తిని కర్సో రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

సార్జెంటు వెళ్ళాక వంటింట్లో పెద్ద పంచాయితీ అయింది. "నన్నొక్క మాట అడిగి చంపకూడదూ?" అన్నాడు కర్సో.

"అడుగుదామంటే యుద్ధంలో ఉన్నావు కదా," అంది సమింతెన్.

బయట తిరిగితే అనుమానం వస్తుందని ఆ రోజు నుంచీ వంటింట్లో పెట్టి కొబ్బరి కోరించారు. స్వాతంత్ర్య పోరాటంలో కర్సో కోరిన కొబ్బరి తక్కువేం కాదు. ఆ లెక్క ఎవరూ తీసిపెట్టలేదు గానీ.

నూరో రోజు ఏప్రిల్లో వచ్చింది. అంతా సవ్యంగా జరిగింది. మధ్యాహ్నానికల్లా రెబి పొట్లాలు కొండకి చేర్చి వచ్చింది. కాళ్ళు కడుక్కుని, అప్పుడే తన అన్నం ముందు కూర్చుంది. కొండ మీంచి మనిషి చీటీ తెచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. "లవంగం సిగరెట్లు అయిపోయాయి. కుదిరితే ఈ సాయంత్రంలోపు."

"రేపు చూద్దాం," అంది సమింతెన్.

"నా దగ్గర రెండు పెట్టెలున్నాయక్కా, ఠాణాలో ఒకడి చొక్కా జేబులో దొరికాయి. ఆనకట్ట మీంచి వెళ్తే అరగంటలో వచ్చేస్తాను." రెబి అన్నం మీద ఆకు కప్పింది. "ఇది తీసెయ్యకండి."

ఆనకట్ట మీద పట్టపగలు ఒంటరిగా వెళ్తున్న ఆడమనిషిని గస్తీవాళ్ళు ఆగమన్నారు. ఆమె ఆగలేదు. రెండు గుళ్ళు. శవాన్ని మిల్లు ముందు పడుకోబెట్టి, ఎవరి పని మీద వెళ్తోందని సార్జెంటు ఊరంతటినీ పిలిచి అడిగాడు. సమింతెన్ని ప్రత్యేకంగా అడిగాడు, ఎందుకంటే ఆ పొద్దున రెబిని ఆ ఇంటి పెరట్లో చూశానని సిపాయి ఒకడు చెప్పాడు.

వంటింట్లో ఒకటిన్నర బస్తా బియ్యం ఉంది. అటక మీద లెఫ్టినెంట్ చీటీలున్నాయి. కొబ్బరి కోరుతూ చచ్చిన మొగుడున్నాడు. కొండ మీద అరవై మంది ఉన్నారు.

"ఆవిడ నాకు తెలీదు, దొరా," అంది సమింతెన్. "మీ సిపాయిల బట్టలు ఉతికే మనిషి కదా. మీ వాళ్ళలో ఎవరికోసం వెళ్తోందో మీకే తెలియాలి."

పక్కనే రెబి తల్లి నిలబడి ఉంది. ఆమె విన్నది.

ఆ ఒక్క మాటకి వంటిల్లు బతికింది, అరవై మందీ బతికారు. రెబి మాత్రం రెండోసారి చచ్చింది. చెప్పిన అబద్ధాలన్నిట్లోకీ ఊరు నిజంగా నమ్మింది అదొక్కటే. కర్సో చావు ఎవరూ నమ్మలేదు గానీ పద్ధతిగా దినాలన్నీ చేశారు. రెబి చావు కళ్ళారా చూశారు, ఒక్క దినం చెయ్యలేదు. అప్పుడు చేస్తే సార్జెంటుకి అనుమానం వస్తుందన్నారు. జూన్ ఆఖరుకి సార్జెంటు వెళ్ళిపోయాడు. అప్పుడేమో, సిపాయి కోసం వెళ్తూ చచ్చిన దానికి దినమేమిటన్నారు. రెబి తల్లిని ఎవరి పెళ్ళి వంటకీ పిలవడం మానేశారు. మన ఊళ్ళో ఆడమనిషిని వంట సాయానికి పిలవకపోవడమంటే ఆ మనిషి లేదన్నట్టే.

స్వతంత్రం వచ్చింది. ఊరి కచేరీ ముందు నల్లరాయి నిలబెట్టారు. 'మాతృభూమి కోసం ప్రాణాలర్పించిన వీరులు' అని చెక్కి, కింద ముగ్గురి పేర్లు వేశారు. మూడోది కర్సో. లూరా దస్తరంలో చనిపోయినట్టు రాసి ఉంది, దస్తరం నుంచే పేర్లు తీశారు. తప్పు దిద్దమని కర్సోనే స్వయంగా వెళ్ళి అడిగితే, "చనిపోయిన వ్యక్తి దగ్గర్నుంచి దరఖాస్తు తీసుకునే ఏర్పాటు లేదు" అన్నాడు ప్రవిరో. పోనీలే అనుకున్నాడు కర్సో. కొన్నాళ్ళకి ఇష్టపడ్డాడు కూడా. సాయంత్రాలు ఆ రాతి పక్కనే కూర్చుని, దారిన పోయే కొత్తవాళ్ళకి తన వీరమరణం గురించి చెప్పేవాడు. కడుపునొప్పి సంగతి చెప్పేవాడు కాదు.

సమింతెన్ రెబి పేరు కోసం తిరిగింది. ముందు ప్రవిరో దగ్గరికి వెళ్ళింది.

"ఆ పిల్ల పోరాడుతూ చావలేదు కదమ్మా. ఏదో పట్టుకెళ్తూ చచ్చింది."

"అన్నం తినకుండా పోరాడినవాళ్ళెవరైనా ఉంటే ఆ రాయి మీద చూపించండి."

"సాక్ష్యం కావాలి. ఆమె ఆ రోజు ఎవరి పని మీద వెళ్ళిందో పై అధికారి ఎవరైనా చెప్పాలి."

చీటీలన్నీ రెబి పోయిన రాత్రే భయంతో పొయ్యిలో వేసేసింది సమింతెన్. పై అధికారి హర్దోయో ఇప్పుడు యోగ్యకర్తలో పంకా కింద బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. సమింతెన్ ఆయనకి ఇష్టమని టెంపే కట్టుకుని వెళ్ళింది. ఆయన లేచి నిలబడి నమస్కరించాడు, టీ తెప్పించాడు. ప్రజల త్యాగం గురించి చాలాసేపు మాట్లాడాడు. సిగరెట్ల మాట వచ్చేసరికి కిటికీ వైపు చూశాడు.

"ఎన్నో చీటీలు రాశానమ్మా. ఏది ఎప్పుడు రాశానో గుర్తు లేదు."

గుర్తుందని ఆయన చెవులు చెప్పాయి, ఎర్రగా. సమింతెన్ టీ తాగకుండా వచ్చేసింది. దారిపొడుగునా ఆయన్ని తిట్టుకుంది, ఇల్లు దగ్గరపడే కొద్దీ తన్ను తను తిట్టుకుంది. రెబికి అన్యాయం ఆయన మాట్లాడక చేశాడు, తను మాట్లాడి చేసింది. రెబి తల్లి ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా వెనక మళ్ళమీంచి చుట్టూ తిరిగి వెళ్ళడం ఆమెకి అప్పటికే అలవాటైపోయింది.

ఇలా ఉండగా 1951 సెప్టెంబరులో కర్సోకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు తగ్గలేదు. ఊళ్ళో ముసలమ్మలు వేళ్ళ మీద లెక్కపెట్టి, ఈ నెలాఖరుకి కర్సో చచ్చి వెయ్యి రోజులని తేల్చారు. వెయ్యో రోజుతో దినాల వరస ముగుస్తుంది. ముగించకుండా వదిలేస్తే, పిలిచిన పేరు కోసం చావు వెతుక్కుంటూ వస్తుంది. పోయినవాడు బతికే ఉన్నాడు కదా అని ఎవరైనా అంటే, "అందుకే కదా వెతుక్కుంటూ వచ్చేది" అన్నారు. దీనికి ఎదురు చెప్పడం కష్టం. అందరికంటే ముందు నమ్మినవాడు కర్సో.

"నాకు వెయ్యో రోజు చేసెయ్యవే," అన్నాడు దుప్పట్లోంచి.

"చేస్తాను," అంది సమింతెన్. "ఊరంతటినీ పిలుస్తాను. హర్దోయో గారిని కూడా."

పిలుపులు వెళ్ళాయి. కొండ మీద అప్పుడు అన్నం తిన్నవాళ్ళందరికీ వెళ్ళాయి. పాత వంటమనుషులు అయిదుగురూ వచ్చారు. రెబి తల్లి దగ్గరికి సమింతెన్ తనే వెళ్ళింది, ఈసారి ముందు దారినే వెళ్ళింది. ముసలామె గుమ్మంలో చేట పట్టుకుని కూర్చుని ఉంది, తల ఎత్తలేదు.

"రేపు వంటకి రావాలి, అత్తా."

"నన్నా?" అంది ముసలామె. "ఎవరో తెలీని మనిషిని పిలుస్తావేం?"

"రా, అత్తా," అని సమింతెన్ వచ్చేసింది.

మర్నాడు ముసలామె వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా వంటింటి మూల కూర్చుంది. ఎవరూ ఆమెకి కత్తిపీట ఇవ్వలేదు.

వసారా నిండింది. పోయినవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలన్న దాని మీద కాస్త గొడవైంది గానీ చివరికి ముందు వరసలో, హర్దోయో పక్కన చోటిచ్చారు. జ్వరం నిన్ననే తగ్గి కర్సో కళకళ్ళాడుతున్నాడు. అన్నం రాశిగా పోసి మధ్యలో పెట్టారు, చుట్టూ కోడి, టెంపే, అపెం. ఇక్కడొక పద్ధతుంది. అన్నం ముట్టుకునే ముందు అది ఎవరి కోసం, ఎందుకోసం పెడుతున్నారో ఇంటివాళ్ళ తరఫున మోదిన్ చెప్పాలి. ఒక్కో మాటకీ వచ్చినవాళ్ళంతా కలిసి "అవును" అనాలి. అననిదే మాట ముందుకి సాగదు, మాట పూర్తవనిదే ఎవరి చెయ్యీ అన్నం మీదికి వెళ్ళదు. ఎదురుగా కోడి ఉండగా అవుననని వాడిని కాలిరందు ఇంతవరకూ చూడలేదు.

మోదిన్ దుల్‌రహీం గొంతు సవరించుకున్నాడు. ఏం చెప్పాలో సమింతెన్ పొద్దున మూడుసార్లు చెప్పించుకుంది. ఇప్పుడు ఆమె వెదురు తడిక వెనక, ఆయన వీపుకి జానెడు దూరంలో నిలబడింది.

"కర్సో పేరున మొదలైన వరస ఈ రోజుతో ముగుస్తోంది."

"అవును," అన్నారంతా.

"కర్సో ఇక్కడే కూర్చుని ఉన్నాడు, ఒంట్లో కులాసాగా ఉన్నాడు."

"అవును." అందరికంటే కర్సో గట్టిగా అన్నాడు.

"అందువల్ల ఈ అన్నం అతనిది కాదు. రెబిది."

ఈసారి అవును ముక్కలు ముక్కలుగా వచ్చింది. సగం మంది అలవాటుకొద్దీ అనేశారు, అన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"రెబి ఠాణా కబుర్లు తెచ్చింది. ఈ ఇంటి అన్నం నూరు రోజులు కొండకి మోసింది. తిన్నవాళ్ళు ఇక్కడున్నారు."

తిన్నవాళ్ళు తలలు దించుకుని "అవును" అన్నారు.

మోదిన్ ఆగాడు. తడిక వైపు తిరిగి మెల్లగా, "ఇది కూడా చెప్పాలా అమ్మా?" అన్నాడు.

"చెప్పండి, బాబాయ్."

"రెబి ఎవరో తెలీదని, సిపాయి కోసం వెళ్తోందని దొర ముందు అన్నది ఈ ఇంటి ఇల్లాలు సమింతెన్. అది అబద్ధం."

ఎవరూ అవునని అనలేదు. తడిక వెనక నుంచి సమింతెన్ తనే అంది, "అవును." ఆడగొంతు వసారాలో వినపడకూడదని పద్ధతి. ఎవరూ ఆ పద్ధతి గుర్తుచెయ్యలేదు. ఒకరి వెనక ఒకరు, "అవును."

"ఆ రోజు రెబి ఆనకట్ట మీంచి వెళ్ళింది, లెఫ్టినెంట్ గారు చీటీ రాసి అడిగిన రెండు పెట్టెల లవంగం సిగరెట్లు ఇవ్వడానికి."

హర్దోయో చేతిరుమాలు తీశాడు. "ఇది సమయం కాదు," అన్నాడు. "స్లమతన్‌లో ఇలాంటివి మాట్లాడే పద్ధతి లేదు."

"అన్నం ఎవరిదో చెప్పడం పద్ధతే బాబూ," అంది తడిక.

కోడి మీద నూనె చల్లబడి తెట్టు కడుతోంది. అరవై మంది ఆయన్ని చూస్తున్నారు. పది నిమిషాల ముందు అదే అరవై మంది ఆయనకి దారిచ్చి నిలబడ్డారు. అప్పుడు ఆయన పక్కన కూర్చున్న కర్సో దగ్గాడు.

"ఆ చీటీ నేను చూశానండీ," అన్నాడు. "తలుపు దగ్గర కొబ్బరి కోరుతూ. 'ఈ సాయంత్రంలోపు' అని ఉంది. నేను వెళ్తాననొచ్చు. అనలేదు. చచ్చినవాణ్ణి బయటికెలా వెళ్తానని ఊరుకున్నాను."

కర్సో జీవితంలో ఒక్కసారి ఎవరూ అడక్కుండా ఒక నిజం చెప్పాడు. చెప్పి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు ఎవరూ నేర్పింది కాదు.

హర్దోయో చాప అంచు చూస్తూ, "అవును," అన్నాడు. తరవాత మళ్ళీ, కాస్త గట్టిగా, "అవును. నేనే రాశాను" అన్నాడు.

మోదిన్ దువా చదివాడు. ఈసారి "పోయినవాళ్ళందరికీ" అనలేదు, పేరు పెట్టి చదివాడు. అన్నం తిన్నారు. ఎప్పుడూ వినిపించే ఛలోక్తులు ఆ రోజు వినిపించలేదు గానీ, ఎవరూ తక్కువ తినలేదు.

వంటింట్లో సమింతెన్ మొదటి పొట్లం కట్టి, రెబి తల్లి ముందు పెట్టి, నేలమీద కూర్చుంది. ముసలామె పొట్లం వైపు చూడలేదు.

"ఈ నాలుగు మాటలు చెప్పడానికి నీకు ఇన్నాళ్ళు పట్టిందా?" అంది. "అవతల నీ మొగుడికి జ్వరం రాకపోతే?"

సమింతెన్ పొట్లాన్ని ఆమెకి ఇంకాస్త దగ్గరికి జరిపింది.

ముసలామె చెయ్యి చాపి కత్తిపీట దగ్గరికి లాక్కుంది. కోయడానికి ఏమీ మిగల్లేదు. ఒక కొబ్బరి చెక్క కనిపిస్తే తీసుకుని, మెల్లగా తరగడం మొదలుపెట్టింది.